మౌలా సాహెబ్ వినని సగం మాట

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో రెండు మైళ్లు దాటాక, పసుపు తోటల వెనకాల ఒక చేపల గుంట ఉంది. హైవేను వెడల్పు చేసినప్పుడు మట్టి కోసం తవ్విన గొయ్యి అది. పని అయిపోయి లారీలు వెళ్లిపోయాక గొయ్యి అట్లాగే మిగిలింది. ఆ పొలం ప్రభాకర్ సారుది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. రెండు వానలకు గొయ్యి నిండేసరికి చుట్టూ గట్లు వేయించి, బోరు నీళ్లు కలిపి, చేపపిల్లలను వదిలాడు. ఎనిమిదేళ్లు పెంచాడు. మొన్న ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఆ గట్టు మీద వేపచెట్టు నీడలో రోజూ సారు పక్కన కూర్చునే మనిషి ఇంకొకడు ఉండేవాడు. పేరు మౌలా సాహెబ్. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు నునుపు పెట్టడం ఆయన పని. శిల్పులు చెక్కిన బొమ్మను తెచ్చి ముందు పెడితే, గరుకురాయితో మొదలుపెట్టి, నీళ్లు చల్లుకుంటూ రుద్ది రుద్ది, చివరికి చెంప మీద వెలుగు జారేటట్టు చేసేవాడు. ముప్పై ఏళ్లలో ఎంతమంది దేవుళ్ల చెంపలు నిమిరాడో ఆయనకే గుర్తులేదు. చేతిరాళ్లు పోయి కరెంటు మిషన్లు వచ్చాక పని వేగమైంది, దుమ్మూ పెరిగింది. మూడేళ్ల కిందట నంద్యాలలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉందన్నాడు. ఇక రాయి ముట్టుకోవద్దన్నాడు.

ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చి పట్టేలా ఉందని మౌలా సాహెబ్ చెప్పుకుంటే, ఆయన కూతురు సబాకు చదువు చెప్పిన ప్రభాకర్ సారే పిలిచాడు. "ఈడికొచ్చి కూచోప్పా. నల్లమల మీద నుంచి వచ్చే గాలి, దుమ్ముండదు. నేను మాట్లాడతాంటా, నువ్వు వింటాండు" అన్నాడు.

అట్లా మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి షేర్ ఆటో దిగి మౌలా సాహెబ్ వచ్చేవాడు. సారు చేపల గురించి, నీళ్ల గురించి, నీళ్లలో కనిపించని పురుగుల గురించి చెప్తూనే ఉండేవాడు. మౌలా సాహెబ్ వేసుకునే మందులకు మగత ఎక్కువ. నీటి మీద ఎండ చిన్నచిన్న పళ్లేల్లా ఊగుతుంటే, పసుపు ఆకుల పచ్చివాసన గాలిలో వస్తుంటే, సారు గొంతు దగ్గరగా వినిపించి, దూరమై, మళ్లీ దగ్గరయ్యేది. ఎంతవరకు విన్నాడో, ఎక్కడ నిద్ర పట్టిందో ఆయనకు తెలిసేది కాదు. సారుకూ అది పట్టింపు లేదు.

సారు పోయాక రెండు నెలలు మౌలా సాహెబ్ ఆ వైపు రాలేదు. నవంబరు మొదట్లో ఒకరోజు ఆటో దిగి గట్టెక్కేసరికి సారు భార్య ఎస్తేరు అక్కడ నిలబడి ఉంది. అంగన్‌వాడీలో పాతికేళ్లు పిల్లలకు పాటలు నేర్పిన మనిషి. ఏ పని చేస్తున్నా ఒంటిమీద ఉతికిన చీర, కాళ్లకు చెప్పులు ఉండాల్సిందే. ఇప్పుడు వట్టికాళ్లతో, జుట్టు కూడా సరిగా ముడవకుండా, నీళ్లకేసి చూస్తోంది.

"రా మౌలాన్నా. వలోళ్లను పిలిపిచ్చి మొత్తం పట్టిచ్చేద్దామనుకుంటాండా" అంది.

"మొత్తమా?"

"మొత్తం. నీళ్లు తోడేసి ఎండబెట్టేస్తా. చలికాలం వస్తాంది. ఆయప్ప ఏటా ఏందేందో చేస్తాండె, నాకేం తెలుసు? ఒంటిమీద ఎర్రమచ్చలొచ్చి చచ్చి తేలితే నేను చూడలేను."

మౌలా సాహెబ్ గట్టు మీద కూర్చుని కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. నీళ్ల మధ్యలో ఒక బొచ్చె చేప పైకి తేలి, వెండి వీపు చూపించి, మునిగిపోయింది. అది మునిగిన చోట నుంచి వలయాలు వచ్చి గట్టుకు తగిలేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.

"చలికి ముందే గుంటను తయారు చేసుకుంటే చేపలు నిలుస్తాయి ఎస్తేరమ్మా. సారు అదేగదా చేస్తాండె" అన్నాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసు. మూడేండ్లు వింటాంటి గదా."

అన్నాక ఆయనకే ఆశ్చర్యమేసింది. తనకేం తెలుసో తనకు తెలియదు. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. ఎస్తేరు ఆయన ముఖంలోకి చూసి, "అయితే ఈ ఒక్క చలికాలం చూద్దాం" అంది.

మరునాటి నుంచి ఇద్దరూ వేపచెట్టు కింద కూర్చుని సారును గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. సారు ఏదీ రాసి పెట్టలేదు. మౌలా సాహెబ్ దగ్గర ఉన్నవి మాటలు, అవి కూడా ముక్కలు. ఎస్తేరు దగ్గర మాటలు లేవు, గుర్తులున్నాయి. ఆయన ఏ రోజు ఎట్లా ఇంటికి వచ్చాడన్నది ఆమెకు తెలుసు.

"నవంబరు పదో తారీఖు దాటితే ఆయప్ప పాదాలు తెల్లగ వస్తాండె. గడప మీద అడుగులు పడతాండె. నేను అరుస్తాంటి" అంది ఎస్తేరు.

"సున్నం!" అన్నాడు మౌలా సాహెబ్. "నీళ్లు పులిసిపోకుండా సున్నం వెయ్యాలనె. ఊరబెట్టి, చల్లార్చి, పొద్దున పూట చల్లాలనె."

"మళ్ళ వారానికి చొక్కా నిండా పసుపు. ఉతికినా పోతాండ్ల్యా."

"పసుపూ ఉప్పూ. మచ్చల రోగానికి."

ఇట్లా ఆమె ఒక గుర్తు చెప్తే ఆయనకు ఒక మాట లేచేది. ఆయన ఒక మాట చెప్తే ఆమెకు ఏదో ఒక సాయంత్రం కళ్లముందుకు వచ్చేది. కొన్నిసార్లు ఇద్దరూ పని సంగతి మరిచిపోయి, సారు చివరి అక్షరాన్ని సాగదీసి మాట్లాడే తీరు గుర్తొచ్చి నవ్వుకునేవారు. నవ్వాక ఎస్తేరు లేచి గట్టు చివరిదాకా నడిచి వచ్చేది. మౌలా సాహెబ్ ఆమె వైపు చూడకుండా నీళ్ల వైపు చూసేవాడు.

మొదట బోరు మోటారు నాలుగు రోజులు వదిలి గుంటలో మట్టం పెంచారు. పైనీళ్లు చల్లబడినా లోతులో వెచ్చగా ఉంటుందని, చేపలు అక్కడికి దిగి కదలకుండా ఉంటాయని సారు చెప్పిన సంగతి మౌలా సాహెబ్‌కు బాగా గుర్తుంది. నీళ్లు నిండుతున్న ఆ నాలుగు రోజులూ గుంట రంగు మారుతూ వచ్చింది. పచ్చగా ఉన్నది ముదురు నీలమైంది. పక్క పొలం శేషయ్య పసుపు తోట అంచు, దాని వెనక నల్లమల కొండల వరుస, రెండూ తలకిందులుగా వచ్చి నీళ్లలో నిలిచాయి.

తర్వాత సున్నం. డ్రమ్ములో నీళ్లు పోయగానే అది బుసబుసమని పొగలు కక్కింది. చల్లారాక, తెల్లారి మంచు విడిపోయే వేళకు ఎస్తేరు తట్టలో ఎత్తుకుని గట్టు చుట్టూ తిరుగుతూ చేతితో విసిరింది. దుమ్ము రేగుతుందేమోనని మౌలా సాహెబ్‌ను దూరంగా కూర్చోబెట్టింది. ఆయన అక్కడి నుంచి "ఇంకొంచెం ఇట్ల, ఆ మూలకు పడలేదు" అని చెయ్యి ఊపుతూ చూపించాడు. గుంటంతా పాలు పోసినట్టు తెల్లబడింది. ఆ తెలుపు మెల్లగా కిందికి దిగిపోతుంటే, నీళ్లు నిద్రలోకి జారుతున్న కన్నులా ఉన్నాయనిపించింది మౌలా సాహెబ్‌కు.

కర్రలకు వేలాడే మేత సంచుల్లో తవుడు, వేరుశనగ చెక్క సగానికి తగ్గించారు. చలికి చేపల ఆకలి మందగిస్తుంది, తినని మేత అడుగున కుళ్లుతుంది. శేషయ్య తన తోటలోని పసుపును దంచి తెచ్చి ఇచ్చాడు. ఉప్పు కలిపి చల్లారు. ఆ సాయంత్రం ఎస్తేరు తన చీర కుచ్చెళ్ల మీద పసుపు మరకలు చూసుకుని, ఆ చీరను ఉతకకుండానే దండెం మీద వేసింది.

ఆ రోజుల్లో మౌలా సాహెబ్‌కు ఒకే కల పదేపదే వచ్చేది. గట్టు మీద మధ్యాహ్నం కునుకులోనే వచ్చేది. గుంట అడుగున కూర్చుని ఉంటాడు. చుట్టూ పచ్చటి వెలుగు. చేపలు ఒక్కొక్కటే ఆయన ఒళ్లోకి వస్తాయి. ఇంకా నునుపు పెట్టని రాతిచేపలు, గరుకుగా, బరువుగా. ఆయన చేతిరాయితో రుద్దుతాడు. రుద్దేకొద్దీ పొలుసులు మెరుస్తాయి, మొప్పలు తెరుచుకుంటాయి, చెయ్యి వదలగానే ఈదుకుంటూ పోతాయి. ఆ కలలో ఆయనకు దగ్గు ఉండదు. ఊపిరి తీసుకుంటున్నానన్న సంగతే గుర్తురానంత సులువుగా ఊపిరి ఆడుతుంది. మెలకువ వచ్చాక మొదటి దగ్గుతో అదంతా పోయేది.

ఆయన భార్య మీరాబీకి ఈ గుంట పని అసలు ఇష్టం లేదు. ఇంట్లో ఉర్దూలో మాట్లాడే మనిషి, కోపం వస్తే తెలుగులోకి దిగేది.

"డాక్టరు ఏమన్నాడు? చలిగాలి, తేమ, రెండూ పడవన్నాడా లేదా? నువ్వు పోయి నీళ్ల పక్కనే కూచుంటాండావ్. నంద్యాలలో సబా మిద్దె మీద రూము ఖాళీ చేసి పెట్టింది. ఎండ బాగ పడతాది. పోదాం పా సబా అబ్బా."

సబా గోస్పాడు స్కూల్లో టీచరు. నంద్యాల నుంచి రోజూ పోయి వస్తుంది. తండ్రిని చలికాలం దాటేదాకా తన దగ్గరే ఉంచుకోవాలని దసరా నుంచి ఫోన్లు చేస్తోంది.

"గుంట పని ఒక్కటి మిగిలిండాది. అదయినాంక పోదాం" అన్నాడు మౌలా సాహెబ్.

ఆ మిగిలిన పని గొలుసు లాగడం. గుంట అడుగున ఏడాది పొడుగునా చేరిన నల్లబురదలో చెడుగాలి ఉంటుంది. చలి ముదిరేలోగా ఒక బరువైన ఇనుప గొలుసుకు రెండు వైపులా తాళ్లు కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురు గట్ల మీద నడుస్తూ లాగితే, బురద కదిలి ఆ గాలి బుడగలై పైకి వచ్చి పోతుంది. ఇంతవరకు మౌలా సాహెబ్‌కు సారు గొంతుతో సహా గుర్తుంది. "గొలుసు లాగాలప్పా" అని సారు అన్నాడు. తర్వాత "అయితే ఒకటి" అన్నాడు. ఆ తర్వాత ఏమన్నాడో లేదు. అక్కడ నిద్ర ఉంది.

ఆ "అయితే ఒకటి" కోసం ఆయన రెండు రోజులు వెతికాడు. కళ్లు మూసుకుని సారు పక్కన కూర్చున్నట్టు అనుకున్నాడు. వేపచెట్టు నీడ వచ్చింది, పసుపు ఆకుల వాసన వచ్చింది, మాట రాలేదు. ఎస్తేరుకు చెప్పాలనుకున్నాడు. చెప్తే ఆమె భయపడి పని ఆపేస్తుందని, మళ్లీ వలలవాళ్లను పిలుస్తుందని అనిపించింది. పైగా మూడు వారాలుగా ఆమె ప్రతిదానికీ "మౌలాన్న చెప్పినాడు" అంటోంది. ముప్పై ఏళ్ల పని పోయాక తన మాటకు విలువ ఉన్న చోటు అదొక్కటే. చెప్పలేదు.

నవంబరు చివరి బుధవారం ఎస్తేరు ఒక గట్టున, శేషయ్య ఇంకో గట్టున తాళ్లు పట్టుకుని గొలుసు లాగారు. ఆకాశం పొగమంచు పట్టిన అద్దంలా ఉంది. గొలుసు వెళ్లిన దారంతా బుడగలు లేచాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చింది.

"పోనీ, పీడ పోతాంది" అన్నాడు శేషయ్య ముక్కు మూసుకుని.

ఆ సాయంత్రానికే మబ్బు కమ్మింది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని టీవీలో చెప్పారు. గురు, శుక్ర, శనివారాలు మూడు రోజులు సూర్యుడి జాడ లేదు. గాలి లేదు. సన్నటి తుంపర. లోకం మీద తడిగుడ్డ కప్పినట్టుంది. మౌలా సాహెబ్ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ పట్టి లాగుతున్నట్టు పీల్చాడు. ఇక వినే ప్రసక్తి లేదని మీరాబీ సంచి సర్దేసింది. ఆదివారం పొద్దున బస్సుకు నంద్యాల పోవాలన్నది నిర్ణయం.

"పోయే ముందు గుంట ఒక్కతూరి చూసి వస్తా" అన్నాడాయన.

"నేనూ వస్తా. లేకపోతే నువ్వు ఆడనే కూచుంటావు" అంది మీరాబీ.

ఇద్దరూ ఏడింటికి ఆటో దిగేసరికి దారి కనిపించనంత మంచు. పసుపు తోట లేదు, కొండలు లేవు. వేపచెట్టు మాత్రం బూడిద రంగు నీడలా నిలబడి ఉంది. దాని కింద ఎస్తేరు చేట పట్టుకుని ఉంది.

"అన్నా, మంచిపనయింది వచ్చినావు. చూడు, అన్నీ పైకొచ్చినాయి. ఆకలేమో అని తవుడు వేసినా, ముట్టుకోవడంల్యా."

మౌలా సాహెబ్ గట్టు అంచుకు పోయి వంగి చూశాడు. నీటి మీదంతా నోళ్లే. వందల నోళ్లు. బొచ్చెలు, రోహులు, ఎప్పుడూ పైకి రాని గడ్డిచేపలు కూడా, తలలు పైకెత్తి, నోళ్లు గుండ్రంగా తెరిచి మూస్తున్నాయి. చప్ చప్ మని సన్నటి చప్పుడు గుంటంతా వ్యాపించి ఉంది. కొన్ని అప్పటికే పక్కకు ఒరిగి తేలుతున్నాయి.

ఆ నోళ్లు ఆయనకు తెలుసు. రోజూ తెల్లారుజామున మంచం మీద లేచి కూర్చుని తను తెరిచే నోరు అదే.

"ఆకలి కాదు ఎస్తేరమ్మా. ఊపిరి. వాటికి ఊపిరాడటంల్యా."

అన్న క్షణంలోనే సారు మాట వచ్చింది. లోపల ఎక్కడో ఇన్నాళ్లూ ఉండి, ఇప్పుడు బురదలోంచి బుడగ లేచినట్టు లేచింది. 'అయితే ఒకటి, మబ్బు పట్టినప్పుడు మాత్రం గొలుసు ముట్టుకోగూడదప్పా. ఎండ లేకపోతే నీళ్లల్లో గాలి పుట్టదు.' నిజంగా సారు అన్నదేనో, ఈ చేపలను చూసి తనే కల్పించుకున్నాడో ఆయనకు తెలియలేదు. తెలుసుకునే వ్యవధి లేదు.

"మోటరు వెయ్యి! నీళ్లు పైనుంచి పడాల!"

"త్రీఫేజ్ కరెంటు పదింటికి గదా అన్నా వచ్చేది!"

"అయితే కొట్టాల. చేతుల్తో, కొమ్మల్తో, దేంతోనన్నా నీళ్లు కొట్టాల. నీళ్లు చిందితే గాలి కలుస్తాది. బేగా!"

ఎస్తేరు చేట పారేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని దిగింది. నడుము లోతు దాకా పోయి రెండు చేతులతో నీళ్లను కొట్టడం మొదలుపెట్టింది. కేక విని శేషయ్య తోటలోంచి పరిగెత్తుకొచ్చి, వేపకొమ్మ ఒకటి విరిచి అటువైపు నుంచి దిగాడు. గుంట పెద్దది. ఇద్దరి చప్పుడూ మంచులో కొంతదూరం పోయి ఆగిపోతోంది.

మౌలా సాహెబ్ లుంగీ పైకి కట్టాడు. కాలు నీళ్లలో పెట్టబోతుంటే మీరాబీ వెనక నుంచి చొక్కా పట్టి లాగింది.

"నువ్వు దిగితే నీకు ఊపిరి ఎవురు కొట్టాల?"

"వదులు మీరా. ఇది నేను చేసిందే. సారు చెప్తాంటే నిద్రపోయినా నేను."

మీరాబీ ఆయన ముఖంలోకి చూసింది. మూడేళ్లుగా ఆయన కళ్లలో నీళ్లు చూసింది దగ్గు వచ్చినప్పుడే. ఆయనను తోసి గట్టు మీద కూర్చోబెట్టింది. తన శాలువా తీసి ఆయన మెడ చుట్టూ, ముక్కు మీదుగా చుట్టింది. "ఈడ కూచుని యాడ కొట్టాల్నో చెప్పు" అని, చెప్పులు విడిచి, చీరతోనే నీళ్లలోకి దిగింది. ఇన్నాళ్లుగా ఆ గుంటను తిట్టడమే తప్ప ఆమె దాని మొహం చూసింది లేదు.

"అబ్బా, ఏం చలి!" అని అరిచి, ఎస్తేరు పక్కకు పోయి నిలబడింది. "యాడ వదినా, ఈడనా?"

"ఈడనే వదినా, కొట్టు!"

ఆ సమయానికే ఊళ్లోని చర్చికి ఆదివారం ఆరాధనకు పోయే ఆడవాళ్లు గట్టు పక్క బాటలో వస్తున్నారు. తెల్లచీరలు మంచులో కలిసిపోయి, ముందు మాటలు వినిపించి, తర్వాత మనుషులు కనిపించారు. ముందు నడుస్తున్న లూదియా చప్పుడు విని ఆగింది.

"ఏందక్కా? ఎవురన్నా పడినారా?"

"చేపలు లూదియా! ఊపిరాడక చస్తాండాయి!"

లూదియా చేతిలోని బైబిలును వేపచెట్టు కొమ్మల సందులో భద్రంగా పెట్టింది. ఆమె వెనక ఇంకో ఐదుగురు. ఒకామె ఇంటికి పరిగెత్తి బిందెలు తెచ్చింది. తెల్లచీరలతోనే దిగారు. బిందెలతో ముంచి తలల మీది ఎత్తు నుంచి నీళ్లు వదిలారు, కొమ్మలతో కొట్టారు, అరచేతులతో చరిచారు. ఎవరో ఆరాధన పాట ఎత్తుకున్నారు, చేతులు ఆ పాట వరుసకే పడ్డాయి.

గట్టు మీద నుంచి మౌలా సాహెబ్‌కు మనుషులు పూర్తిగా కనబడలేదు. మంచులోంచి ఒక చెయ్యి లేచేది, ఒక బిందె నోట్లోంచి తెల్లటి నీటిధార వంగి పడేది, మళ్లీ అంతా తెలుపైపోయేది. నీళ్లు, మంచు, చీరలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలియలేదు. "ఆ మూలకు! లూదియమ్మా, నీ ఎడమ పక్క! మీరా, వెనకకు!" అని శాలువాలోంచి అరుస్తూనే ఉన్నాడు. తను ఇంకా కలలోనే ఉన్నాడేమో అనిపించి, గట్టు మీది తడిమట్టిని పిడికిట పట్టి నలిపాడు. చల్లగా, గరుకుగా తగిలింది.

ఎంతసేపు కొట్టారో ఎవరికీ తెలియదు. చేతులు తిమ్మిరెక్కాయి. పాట ఆగిపోయి ఉత్త చప్పుడే మిగిలింది. తొమ్మిదిన్నర దాటాక నల్లమల వైపు మంచు పలుచబడి, నాలుగు రోజుల తర్వాత ఎండ ఒక చారలా వచ్చి నీళ్ల మీద పడింది. పదింటికి కరెంటు వచ్చింది. శేషయ్య తడిబట్టలతోనే పోయి మోటారు వేశాడు. పైపును కర్రకు ఎత్తి కట్టగానే నీళ్లు ధారగా వచ్చి గుంటలో దూకాయి. ఆ ధార చుట్టూ చేపలు గుమిగూడాయి. మెల్లగా ఒక్కొక్క నోరూ మూసుకుంది. ఒక్కొక్క తలా కిందికి దిగింది. పదకొండింటికి నీళ్ల మీద ఏమీ లేదు, వెలుగు తప్ప.

తేలినవి అరవై దాకా ఉన్నాయి. ఎక్కువ పెద్దవే. ఎస్తేరు వాటిని గట్టు మీదికి తీయించి, ఇప్పుడే పోయినవి కాబట్టి తిననీకి పనికొస్తాయని, దిగినవాళ్లందరికీ తీసుకుపొమ్మంది. లూదియావాళ్లు తడిచీరలు పిండుకుని, ఆరాధన ఎట్లాగూ ముగింపుకొచ్చి ఉంటుందని నవ్వుకుంటూ, అయినా చర్చి వైపే నడిచారు.

మౌలా సాహెబ్ ఆ చేపల వైపు చూడలేదు. ఎస్తేరు తల తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు తెలుసు ఎస్తేరమ్మా" అన్నాడు. "సారు ఇంకా ఏందో చెప్పినాడని తెలుసు. అది యాదికి రాలేదని నీకు చెప్పకుండ దాచినా. చెప్తే పని నిలబెడతావని."

ఎస్తేరు చీర చెంగు పిండింది. నీళ్లు గట్టు మీద నుంచి జారి గుంటలోకి పోయాయి.

"చెప్పింటే బాగుండు" అంది. ఆమె గొంతులో కోపం ఉంది. అది ఉన్నంతసేపు ఉండనిచ్చి, తర్వాత అంది. "ఆయప్ప ముప్పై ఎనిమిదేండ్లు నా పక్కన చెప్తానే ఉన్నాడు మౌలాన్నా. నేను ఎన్నిసార్లు నిద్రపోయింటానో నీకేం తెలుసు? నువ్వు సగమన్నా విన్నావు."

మీరాబీ ఎస్తేరు ఇంట్లోనే తడిచీర మార్చుకుంది. ఎస్తేరు రవిక ఆమెకు వదులైంది. ఆ చీరతోనే, చేతిలో ఒక రోహును కాగితంలో చుట్టుకుని, మొగుడిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు నంద్యాల వెళ్లింది.

సబా మిద్దె మీది గదిలో పొద్దుటి ఎండ మంచం దాకా వచ్చేది. రోజూ ఎనిమిదింటికి ఎస్తేరు ఫోన్ చేసేది. "మంచు పడింది, మేత వేసేదా?" "వద్దు, ఎండొచ్చినాంక వెయ్యి." "నీళ్లు మళ్ళ పచ్చగయితాండాయి." "కానీలే, మంచిదే." తెలియనివాటికి ఆయన తెలియదనే చెప్పేవాడు. అట్లాంటివి ఎస్తేరు నంద్యాలలో చేపల ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని, మరునాడు ఆయనకే చెప్పేది. ఆయన శ్రద్ధగా వినేవాడు. సారు చెప్పినవాటిలో రెండు తప్పని కూడా ఆఫీసువాళ్లు అన్నారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఎస్తేరు గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

జనవరి మూడో వారంలో ఒకరోజు ఫోన్ రాలేదు. మౌలా సాహెబ్ తొమ్మిదింటి దాకా చూశాడు. పదింటికి తనే చేశాడు, ఎత్తలేదు. ఆ పూట అన్నం సయించలేదు. ఏమైందోనని మీరాబీ కూడా రెండుసార్లు అడిగింది. మరునాడు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"ఏందమ్మా, నిన్న చెయ్యకపోతివి? ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదన్నా. నిన్న అడగాల్సిందేమీ లేకపోయె. మంచొచ్చింది, పోయింది. ఎండొచ్చినాంక మేత వేసినా. ఫోను ఇంట్లో పెట్టి గట్టు మీదనే కూచుంటి పొద్దూకులూ."

"మరి ఈ పొద్దు?"

"ఈ పొద్దు కూడా అడగాల్సిందేమీ లేదు. ఊరికే చేసినా. మీరా వదిన ఏం చేస్తాంది?"

మౌలా సాహెబ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కింది నుంచి మెల్లగా మెట్లెక్కి మిద్దె మీదికి పోయాడు. ఐదో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎస్తేరు అవతల ఆగి ఉంది, తొందరపెట్టలేదు. పైకి చేరాక, నంద్యాల ఇళ్ల మీద ఎండ పరుచుకుని ఉంటే చూస్తూ, "మీరానా? కిందుంది. పిలుస్తా ఉండు. ముందు నాతో మాట్లాడు" అన్నాడు.